ఉప్పుకొండ కింద తలుపు

ఆర్డిస్ లొకెన్ మా కౌంటీలో మంచు తోసే లారీ నడిపిన మొదటి ఆడమనిషి. ఆ సంగతి ఆమె తనంతట తాను ఎప్పుడూ చెప్పుకోలేదు. రోడ్ల షెడ్డులో రేడియో ముందు కూర్చుని డ్రైవర్లతో మాట్లాడే పని నాది. అందుకని ఎన్నో శీతాకాలాలు నా చెవిలో ఎక్కువగా మోగిన గొంతు ఆమెదే. పొట్టి మనిషి. సీటు మీద రెండు దిండ్లు వేసుకుంటే తప్ప అద్దంలోంచి రోడ్డు కనపడేది కాదు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "చేసుకుంటానన్నవాడు చేపలకు వెళ్లాడు, ఇంకా రాలేదు" అని నవ్వేది. ఎమరీ పోయాక ఆ మాట అనడం మానేసింది.

ఎమరీ సన్‌క్విస్ట్‌కి రేవు పక్కన ఎరల కొట్టు ఉండేది. వానపాములు, బతికున్న చిన్నచేపలు, గాలాలు, చలికాలం వేసుకునే మందపాటి మేజోళ్లు అమ్మేవాడు. కొట్టు చూసుకోవడంలో సగానికి పైగా చాకిరీ భార్య వెర్నాదే. ఎమరీకి మాటలు ఎక్కువ. ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చాడో, ఒక ఎండాకాలం ఒక పెట్టె తెచ్చి కొట్టు వెనక గదిలో పెట్టాడు. అందులో రంగురంగుల పాచికలు, ఒక నియమాల పుస్తకం. కత్తులు, మంత్రాలు, గుహలు, ఆ గుహల్లో భూతాలు ఉండే ఊహాలోకపు ఆట అది. ఒకడు కథ నడుపుతాడు. మిగిలినవాళ్లు ఆ కథలో తలా ఒక మనిషిగా తిరుగుతారు. ఎక్కిన గోడ దాటారా, జారి పడ్డారా అన్నది పాచికలు తేలుస్తాయి. పిల్లలాడుకునేది కదా అని ఊరు నవ్వింది. మా చర్చి పాస్టర్ అయితే అది సైతాను వ్యవహారమన్నాడు. "సైతానుకి మా ఊరు రావడానికి దారి తెలిస్తే కదా" అన్నాడు ఎమరీ.

శనివారం మధ్యాహ్నాలు ఆ గదిలో ముగ్గురు కూర్చునేవాళ్లు. కథ నడిపేది ఎమరీ. ఆర్డిస్ ఆటలో ఇల్వా అనే దొంగపిల్ల. మూడోవాడు డ్వేన్ మాకీ, కలపమిల్లులో పనిచేసేవాడు. ముగ్గురూ ఒకే బడిలో చదువుకున్నవాళ్లు. ఆటలో డ్వేన్ గ్రబ్ అనే మరుగుజ్జు యోధుడు. చేతిలో తనకంటే పొడుగైన గొడ్డలి, మనసంతా తిండి మీద. డ్వేన్ వాళ్లమ్మ ఫిన్లండు పద్ధతిలో ఏలకుల రొట్టె చేసి పంపేది. ఆ రొట్టె తింటూ వాళ్లు ఉప్పుకొండ అనే కొండ లోపలికి ఏళ్ల తరబడి దిగుతూ పోయారు.

ఎమరీ ఒక్క ముక్క కాగితం మీద పెట్టేవాడు కాదు. కొండ అంతా తలలోనే. "రాసిపెట్టుకుంటే రాసిందే జరుగుతుంది. ఇక నాకేం సరదా?" అనేవాడు. ఎవరైనా తెలివితక్కువ పని చేయబోతే తల పక్కకు వాల్చి, "ఖాయమేనా?" అని అడిగేవాడు. ఆ మాట వింటే మిగతా ఇద్దరికీ గుండె జారిపోయేదట.

ఎమరీ పోయిన ఏడు మార్చి మొదట్లో ఒక శనివారం, ఇల్వా, గ్రబ్ కొండ అట్టడుగుకు చేరారు. అక్కడ ఒక ఇనుప తలుపు. ఎమరీ మాట ఆపి, బల్ల మీద వేళ్లతో కొట్టాడు. మూడు దెబ్బలు. ఆగాడు. మళ్లీ మూడు.

"అవతల నుంచి ఎవరో తడుతున్నారు" అన్నాడు.

"నేను తియ్యను!" అని డ్వేన్ కుర్చీ వెనక్కి జరిపాడు.

ఎమరీ పగలబడి నవ్వాడు. "సరే, వచ్చే శనివారం దాకా ఆలోచించుకో" అని పాచికలు పెట్టెలో పోసేశాడు.

వచ్చే శనివారం రాలేదు. చలికాలం సరస్సు గడ్డకట్టాక చేపల కోసం మంచు మీద చెక్క గుడిసెలు పెట్టుకోవడం మా వైపు అలవాటు. మార్చిలో మంచు మెత్తబడక ముందే వాటిని ఒడ్డుకు లాక్కురావాలి. ఎమరీ తన గుడిసె తేవడానికి డ్వేన్‌ని తోడు తీసుకుని వెళ్లాడు. తిరిగి వచ్చింది డ్వేన్ ఒక్కడే. నడుం దాకా తడిసి, బట్టలు రేకుల్లా గట్టిపడి, మాట రాని స్థితిలో వచ్చాడు. మంచు విరిగింది, ఎమరీ గుడిసెలో పొయ్యి ఊడదీస్తున్నాడు, అంతా మునిగిపోయింది అని మాత్రం షెరీఫుకు చెప్పాడు. అంతకుమించి ఎవరికీ ఏమీ చెప్పలేదు. సుపీరియర్ సరస్సు నీళ్లు అంత చల్లగా ఉంటాయి కాబట్టి అందులో పోయినవాళ్లు పైకి తేలరని మా పెద్దవాళ్లంటారు. ఎమరీ తేలలేదు. చర్చిలో శవపేటిక ఉండాల్సిన చోట అతని ఫోటో పెట్టారు. ఆ ఎండాకాలమే డ్వేన్ అరిజోనాలో ఉన్న అక్క దగ్గరకు వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు ఆర్డిస్‌కి కూడా చెప్పలేదు.

మరుసటి చలికాలం ఆర్డిస్ వంటింటి బల్ల మీద పాచికలు కనిపించాయి నాకు. పెట్టెను వెర్నా చెత్తలో పారేయబోతుంటే అడిగి తెచ్చుకుందట.

"ఎవరితో ఆడతావు?" అన్నాను.

"ఎవరితోనూ కాదు. ఆ తలుపు వెనకాల ఏముందో చూసి మూసేస్తాను."

అనుకున్నంత తేలిక కాలేదు. మొదట్లో కథ నడిపేదీ తనే, ఆడేదీ తనే. ఎవర్ని వాళ్లు చక్కిలిగింతలు పెట్టుకుంటే నవ్వొస్తుందా? గుహ మలుపులో భూతముందని తనే అనుకున్నాక, ఇల్వా ఎంత నిబ్బరంగా మలుపు తిరిగినా అందులో రుచి లేదు. నాలుగైదు వారాలు కుస్తీ పట్టి వదిలేసింది.

దారి దొరికింది రోడ్డు మీద. ఆ రోజు గాలికి మంచు లేచి ముందేమీ కనపడటం లేదు. రేడియోలో పిలిచింది.

"బెర్నీస్, వాగు వంతెన మీద ఎవరైనా ఇరుక్కున్నారా?"

"లేరు. గానీ వంతెన దిగాక పాలలారీ అడ్డం తిరిగి ఉందట" అన్నాను.

రేడియో గరగరమంది. తర్వాత, "మళ్లీ చెప్పు."

"లేరు, గానీ..."

"అదే! అబ్బా, ఎమరీ చేసింది ఇంతే కదే! మనం అడుగుతాం, అతను ఔననో కాదనో అంటాడు, ఒక 'గానీ' తగిలిస్తాడు. అంతే కదే!"

"పాలలారీ సంగతి విన్నావా లేదా?" అని అరిచాను.

అప్పటి నుంచి ఆట ఆమె చేతిలో కొత్తగా అల్లుకుంది. తెలియనిదేదైనా ప్రశ్నగా అడగాలి. జరగడానికి ఎంత వీలుందో ముందే నిజాయితీగా ఒప్పుకోవాలి. ఆ తర్వాతే ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి. పెద్ద అంకె వస్తే ఔను, చిన్నదైతే కాదు, నడిమిది పడితే 'ఔను గానీ'. ఒకసారి అడిగింది మళ్లీ అడగకూడదు. ఔను, కాదులతో తేలని వాటికి ఒక కాఫీ డబ్బా పెట్టింది. విత్తనాల పుస్తకాల్లోంచి, చర్చి కరపత్రాల్లోంచి, ఎమరీ కొట్లో మిగిలిపోయిన చేపల కాగితాల్లోంచి మాటలు కత్తిరించి అందులో పోసింది. రెండు మాటలు తీసి, ఆ రెంటినీ కలిపి అర్థం చెప్పుకోవాలి. ఇద్దరు కలిసి ఎదుర్కోవాల్సిన భూతాలు ఒంటరి దొంగపిల్లను మొదటి గదిలోనే నమిలేస్తాయి కదా, అందుకని ఇల్వా పడిపోతే చావకుండా ఏదో ఒకటి పోగొట్టుకుని మేలుకుంటుందని ఇంకో నియమం. అన్నిటికంటే కష్టపడింది గ్రబ్ కోసం. డ్వేన్ లేడు, కానీ గ్రబ్ లేకుండా ఇల్వా కొండ దిగదు. ఏళ్ల తరబడి చూసిన డ్వేన్‌ని తలచుకుని, గ్రబ్ ఏ సమయంలో ఏం చేస్తాడో ఆరు వాక్యాలు రాసి పెట్టుకుంది. మామూలు పాచిక వేస్తే ఏ అంకె పడితే ఆ పని చేస్తాడు.

ఆట నడిచింది. నడవడమే కాదు, ఎదురు తిరగడం కూడా నేర్చింది. వంటింట్లో ఒక్కతే కూర్చుని ఉలిక్కిపడటం, పకపకా నవ్వడం నేను కిటికీలోంచి చూశాను.

కానీ తలుపు దగ్గరకు వచ్చేసరికి ఆమె చెయ్యి ఆడలేదు. పాచిక పట్టుకుని, అడగాల్సిన ప్రశ్న పెదాల దాకా తెచ్చుకుని, ఇల్వాని వెనక్కి తిప్పేసింది. ముందు కొండలో మిగిలిన దారులన్నీ చూద్దామనుకుంది. దారుల కోసం ఒక పట్టిక రాసుకుంది. పాచిక వేస్తే మెట్లో, బావో, వంతెనో వస్తుంది. ఆ పట్టికలో ఒక్క చోట, ఇనుప తలుపు. అది మాటిమాటికీ పడటం మొదలైంది.

"ఆ వరుస కొట్టెయ్యి" అన్నాను.

"కొట్టేశాను. అప్పుడు డబ్బాలోంచి వచ్చింది."

"ఏమొచ్చింది?"

"'మూసిన', 'చప్పుడు'." ఆమె కాఫీ కప్పు కింద పెట్టింది. "ఆ మాటలు కత్తిరించి వేసింది నేనే, బెర్నీస్. వందల మాటలున్నాయి అందులో. 'టమోటా' ఉంది. 'ఆదివారం' ఉంది."

లారీలో ఉండగా కూడా ఎమరీ మాట్లాడుతున్నాడని ఇంకోసారి చెప్పింది. ఒక కొండవాలు మీద తొందరపడి బ్రేకు తొక్కబోతుంటే పక్క సీట్లోంచి, "ఖాయమేనా?" అని వినిపించిందట. కాలు తీసేసింది. తర్వాత చూస్తే ఆ వాలంతా మంచు కింద అద్దంలా జారుడు. తొక్కి ఉంటే లోయలో ఉండేది. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె ముఖంలో సంతోషం లేదు. ఎవరి దగ్గరో అప్పుపడ్డ మనిషిలా కూర్చుంది.

మా ఊళ్లో ఒక ఇంట్లో దగ్గితే మూడో ఇంట్లో మందు తీస్తారు. సంగతి వెర్నా చెవిన పడింది. ఒక మధ్యాహ్నం మంచు బూట్లతోనే ఆర్డిస్ వంటింట్లోకి వచ్చేసింది. నేనక్కడే ఉన్నాను.

"నా మొగుణ్ణి కాఫీ డబ్బాలో పెట్టుకున్నావటగా?"

"కూర్చో వెర్నా. కాఫీ పోస్తాను."

"ఏ డబ్బాలోంచి?"

వెర్నా కూర్చోలేదు. బల్ల మీద ఉన్న ఇరవై ముఖాల పాచికను తీసి అరచేతిలో దొర్లించింది. అది ఎమరీదే. ఒక అంచు అరిగిపోయి ఉంటుంది.

"అడిగితే ఇది చెబుతుందట కదా. అయితే అడుగు. ఎమరీ భయపడ్డాడా, లేదా? అదొక్కటి చాలు నాకు."

"అడగను."

"నేనే వేస్తాను."

ఆర్డిస్ లేచి, ఆమె చేతిని పాచికతో సహా తన రెండు చేతుల్లో మూసేసింది. "ఇది ఆట, వెర్నా. ఔనని పడితే ఏం చేస్తావు? ఇంటికెళ్లి పడుకోగలవా? కాదని పడితే నమ్ముతావా?"

వెర్నా చెయ్యి లాక్కోలేదు. చివరికి వెర్నా అంది. "మరి నువ్వు ప్రతి శనివారం దీన్ని అడుగుతున్నదేమిటి?"

పాచిక బల్ల మీద పెట్టి వెర్నా వెళ్లిపోయింది. నేల మీద బూట్ల మంచు కరిగి, చిన్న మడుగులు మిగిలాయి.

ఆర్డిస్ డబ్బాని ఫ్రిజ్ మీద పెట్టి ఆ చలికాలమంతా ముట్టుకోలేదు. ముట్టుకోకపోతే పరిస్థితి ఇంకా అధ్వానంగా తయారైంది. రేవు పక్కన మంచు బిగుసుకునేటప్పుడు లోపలి నుంచి దెబ్బలు వినిపిస్తాయి. చిన్నప్పటి నుంచి అందరం వింటున్నదే. ఎవరం లెక్కపెట్టం. ఆర్డిస్ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. రేవు దారి తోసే పని వేరేవాళ్లకు ఇమ్మని నన్ను అడిగింది. ఎందుకని నేను అడగలేదు. ఇచ్చాను. వసంతానికి ఆమె చిక్కి సగమైంది. ఒకరోజు తనంతట తానే డబ్బా కిందికి దించింది. "ఆడితే ఒక్క తలుపు దగ్గరే వినిపిస్తుంది. ఆడకపోతే అన్ని చోట్లా వినిపిస్తోంది" అంది.

ఇలా కొన్నేళ్లు గడిచాయి. డ్వేన్ ఇక అరిజోనా ఎండలోనే మాడుతూ ఉండిపోతాడనుకున్నాం. ఒక శరదృతువులో డ్వేన్ వాళ్లమ్మ పోయింది. ఇల్లు ఖాళీ చేసి అమ్మడానికి అతను వచ్చాడు. మొదటి వారం ఎవరి కంటా పడలేదు. శనివారం మధ్యాహ్నం ఆర్డిస్ ఇంటి పెరటి తలుపు తోసుకుని, చేతిలో బట్ట చుట్టిన రొట్టెతో లోపలికి వచ్చాడు. అంతా ఆర్డిస్ తర్వాత నాకు పూసగుచ్చినట్టు చెప్పింది.

"అమ్మ చేసినట్టు కుదర్లేదు. ఏలకులు ఎక్కువయ్యాయి" అన్నాడు.

"మీ అమ్మకి మాత్రం ఎన్నడు కుదిరింది గనక? ఎప్పుడూ ఎక్కువే వేసేది. కూర్చో. ఏరా, జుట్టంతా ఏం చేశావు?"

"ఎండకి రాలిపోయింది. నువ్వేం, ఇంకా దిండ్లేసుకునే నడుపుతున్నావా?"

"మూడు వేసుకుంటున్నా. కుంగిపోతున్నాను."

అంతలో అతని కళ్లు బల్ల మీద పడ్డాయి. పాచికలు, పట్టికలు, డబ్బా. ఆర్డిస్ సిగ్గుపడుతూనే అన్నీ విప్పి చెప్పింది. అతను శ్రద్ధగా విన్నాడు. గ్రబ్ కాగితం కనిపించగానే లాక్కుని పైకి చదివాడు. కంటికి ముందు పడింది రెండో వాక్యం, తినడానికేమైనా ఉందా అని చూస్తాడు. "అన్యాయం. ఇది మూడు చోట్ల ఉండాలి." అవసరం లేకపోయినా గొడ్డలి తీస్తాడు. "అవసరం ఎందుకు లేదు?" ఇల్వా చెప్పినట్టు వింటాడు, గొణుగుతూ. ఎవరూ చూడనిది చూస్తాడు. "ఇది మాత్రం నిజం." ఆరోది, పారిపోతాడు. "ఎలుకల గది మర్చిపోలేదన్నమాట నువ్వు!" అని కడుపు పట్టుకుని నవ్వాడు.

తర్వాత మొదటి వాక్యానికి వచ్చాడు. 'గ్రబ్ ముందు నవ్వుతాడు, తర్వాత ఆలోచిస్తాడు.'

కాగితం మెల్లగా బల్ల మీద పెట్టాడు. "ఎవరు చెప్పారు నీకు?"

"ఏం చెప్పడం? నీ సంగతి నాకొకరు చెప్పాలా?"

"ఆ రోజు సంగతి, ఆర్డిస్."

ఆమెకు అర్థం కాలేదు. అతని పెదాలు నీలంగా మారడం చూసి భయపడింది. అతను కిటికీ వైపు తిరిగి, ఆమె ముఖం చూడకుండా చెప్పుకొచ్చాడు.

"నేను ట్రక్కు తిప్పి, గుడిసెకు కొక్కెం తగిలించడానికి దిగాను. ఎమరీ లోపల పొయ్యి ఊడదీస్తున్నాడు. గాలికి తలుపు మూసుకుంది. అప్పుడు లోపలి నుంచి తట్టాడు. మూడు. ఆగి, మూడు. మన ఆట ఆడుతున్నాడనుకున్నాను. నిలబడి నవ్వాను. 'నేను తియ్యను!' అని అరిచాను. అచ్చం అలాగే. మళ్లీ తట్టాడు. నేను మళ్లీ నవ్వాను. అప్పుడు చూశాను, గుడిసె కింది మంచు నల్లబడుతోంది. పరిగెత్తాను. నా కాళ్ల కింద కూడా విరిగింది. నేను బయటపడి తలెత్తేసరికి అక్కడ గుడిసె లేదు." కిటికీ అద్దం మీద అరచెయ్యి ఆనించాడు. "అతను నిజంగా తెరవమన్నాడో, ఆట పట్టించాడో నాకు తెలీదు. రెండు చేతులతో లాగితే వచ్చే తలుపు. నేను నవ్వుతూ నిలబడ్డాను."

ఆర్డిస్ ఓదార్చే రకం కాదు. లేచి కోటు తొడుక్కుంది.

"ఎక్కడికి?"

"వెర్నా దగ్గరికి."

"చెప్పలేను. నువ్వు చెప్పు."

"నేను చెప్తే అది పుకారు అవుతుంది. నువ్వే చెప్పాలి. నేను పక్కన నిలబడతాను. లే."

కొట్లో వెర్నా తొట్టెలోంచి వలబుట్టతో చచ్చిన చేపల్ని ఏరుతోంది. డ్వేన్‌ని చూసి బుట్ట పక్కన పెట్టింది. తడి చేతులు తుడుచుకోకుండానే మొత్తం వింది. అతను ఆగాక అంది.

"ఎలా తట్టాడు? చూపించు."

డ్వేన్ బల్ల మీద తట్టాడు. మూడు, ఆగి, మూడు.

"ఇంత గట్టిగానేనా?"

"ఇంతే. గట్టిగా ఏం కాదు."

"నువ్వు అరిచింది అతనికి వినపడిందా?"

"వినపడింది."

"నీకెలా తెలుసు?"

డ్వేన్ కొంచెం తడబడ్డాడు. "లోపల నవ్వాడు. తియ్యనన్నాను కదా, అప్పుడు. ఆ నవ్వు నీకు తెలుసు కదా. నవ్వుతూనే ఉన్నాడు, వెర్నా."

వెర్నా తొట్టె అంచు పట్టుకుని వంగిపోయింది. ఆర్డిస్ పట్టుకోబోతే వద్దని చెయ్యి ఊపింది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆర్డిస్‌కి తెలియలేదట. ఆ తర్వాత ముఖం కడుక్కుని వచ్చి, డ్వేన్ ఎదురుగా నిలబడి, అతని కోటు గుండీలు ఒక్కొక్కటే పైదాకా పెట్టింది. "అరిజోనా వెళ్లి చలికి కోటు వేసుకోవడం కూడా మర్చిపోయావు, వెధవా" అంది.

తిరుగుదారిలో లారీలో ఆర్డిస్‌కి ఒక సంగతి తట్టింది. తన వంటింట్లో చెప్పినప్పుడు డ్వేన్ ఆ లోపలి నవ్వు మాట ఎత్తలేదు. నిజంగా తెరవమన్నాడో, ఆట పట్టించాడో తెలీదన్నాడు. పక్కకు తిరిగి చూసింది. అతను అద్దానికి తల ఆనించి కళ్లు మూసుకుని ఉన్నాడు. అడగబోయి మానేసింది. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అడగలేదు.

మరుసటి శనివారం డ్వేన్ వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. ఆరు వాక్యాల కాగితాన్ని పక్కకు తోసి, "గ్రబ్‌ని నేనే ఆడతాను" అన్నాడు. ఇనుప తలుపు ముందు నిలబడ్డారు. ఆర్డిస్ నోరు తెరిచేలోపే, "గ్రబ్ తలుపు తీస్తాడు. రెండు చేతులతో" అన్నాడు.

"అవతల ఎవరైనా ఉన్నారా?" అని ఆర్డిస్ అడిగింది. ఉండటానికే ఎక్కువ వీలుందని ముందే ఒప్పుకుంది. పాచిక వేసింది. బాగా చిన్న అంకె పడింది. ఎవరూ లేరు.

అయితే ఇన్నాళ్లూ తట్టింది ఎవరు? ఇద్దరూ ఆ ప్రశ్న అడగలేదు. డ్వేన్ డబ్బాలో చెయ్యి పెట్టి రెండు ముక్కలు తీశాడు. చేపల కాగితంలోది 'పడవ'. చర్చి కరపత్రంలోది 'విందు'. కొండ అడుగున నల్లటి నీళ్లు, నీటి అంచున ఒక పడవ, పడవలో బల్ల, బల్ల నిండా వడ్డించిన పళ్లేలు.

"వేడిగా ఉన్నాయా?" అని ఆర్డిస్ అడిగింది.

పాచిక ఔనంది.

"నేను తినను" అన్నాడు డ్వేన్.

"నిన్నెవరు తినమన్నారు? గ్రబ్ తింటాడు."

గ్రబ్ తిన్నాడు. ఇల్వా కూడా తింది. తిన్నంతసేపూ పడవ నీటి మీద మెల్లగా కదులుతూనే ఉంది, తాడు విప్పినవాళ్లు ఎవరూ లేకపోయినా. ఆ సాయంత్రం నేను వెళ్లేసరికి ఇద్దరూ రొట్టె నములుతున్నారు. దీపం వెయ్యడం కూడా మర్చిపోయారు.

డ్వేన్ ఇల్లు అమ్ముకుని వెళ్లిపోయాడు. ఈసారి అందరికీ చెప్పి వెళ్లాడు. ఆర్డిస్ తన నియమాలన్నీ శుభ్రంగా రాసి, అతనికో ప్రతి పంపింది. అక్కడ ఎండలో ఒంటరిగా ఆడుకుంటాడని. అతని దగ్గర చూసి ఎవరో అడిగారు. వాళ్ల దగ్గర చూసి ఇంకెవరో. ఓడలకు దారి చూపే దీపస్తంభం చూసుకునేవాడొకడు, మంచం దిగలేని ఒక పంతులమ్మ, ఇలా ఎక్కడెక్కడివాళ్లో ఉత్తరాలు రాసేవాళ్లు. అందరికీ జవాబు ఇచ్చేది. చివర ఒక నియమం మాత్రం ఎర్ర సిరాతో రాసేది. ఊరూ పేరూ ఉన్న మనిషి గురించి పాచికను ఏదీ అడగవద్దు.

రేవు దారి మళ్లీ తనే తోస్తానంది. మంచు దెబ్బలు వినపడటం ఆగాయా అని నేను ఒకసారి అడిగాను. "వినపడతాయి. అందరికీ వినపడేటట్టే" అంది. ఆ జవాబు నాకు పూర్తిగా నమ్మబుద్ధి కాలేదు. రేవు మలుపు దగ్గర ఆమె లారీ రోజూ ఒక నిమిషం ఆగేది. ఎందుకు ఆగావని రేడియోలో అడగడం నా పని. నేను అడిగేదాన్ని కాదు.

ఉద్యోగం మానాక ఆర్డిస్‌కి చూపు తగ్గింది. ఇప్పుడు శనివారాలు వెర్నా వచ్చి కూర్చుంటుంది. ఈ పిచ్చి ఆట తనకొద్దంటూనే, ఇల్వాకి ఒక కంచరగాడిదను అంటగట్టి, దాని మాటలన్నీ తనే మాట్లాడుతుంది. పాచిక ఆర్డిస్ వేస్తుంది. పడిన అంకె వెర్నా చదివి చెబుతుంది. మొన్న నేను ఓవెన్లో వండిన హాట్‌డిష్ కూర పళ్లెం పట్టుకుని వెళ్లేసరికి, గాడిద ఒక లోయ దూకాల్సి వచ్చింది. ఆర్డిస్ పాచిక వేసింది.

"ఎంత పడింది?"

నేను వెర్నా భుజం మీదుగా చూశాను. రెండు. గాడిద లోయలో ముక్కలైపోయే అంకె.

"పద్దెనిమిది" అంది వెర్నా, రెప్ప వెయ్యకుండా. "ఎగిరి అవతల పడింది. చిన్న గీత కూడా లేదు ఒంటి మీద."

ఆర్డిస్ నా వైపు తిరిగింది. ఆమెకు నా ఆకారం తప్ప ముఖం కనపడదు. "పద్దెనిమిదేనా, బెర్నీస్?"

"పద్దెనిమిదే" అన్నాను.

ఆమె తల ఊపి, పాచిక కోసం బల్ల మీద తడుముకుంది.